ఫైబర్ బాడీ కారు: ఇంట్లో తయారు చేసిన కారుకు రంగు ఊడిపోతోందా? తప్పు రంగులో లేదు.. దాని కింద ఉంది!

ముఖ్యాంశాలు
• ఫైబర్ బాడీకి తుప్పు పట్టదు. కానీ రంగు నిలవడం మాత్రం ఇనుప రేకు కంటే కష్టం
• మైనం పూర్తిగా తుడవకుండా ఎమరీ పేపర్ పెడితే మొదటికే మోసం
• నంద్యాల జిల్లా ఎండల్లో నలుపు రంగు వద్దు.. కారణం ఇదీ
• కోబాల్ట్, క్యాటలిస్ట్ నేరుగా కలిపితే మంట లేదా పేలుడు
• సొంతంగా తయారు చేసిన కారు రోడ్డెక్కాలంటే చట్టం ఏం చెబుతోంది?

పాత బైక్ ఇంజిన్, ఇనుప పైపులతో వెల్డింగ్ చేసిన ఫ్రేమ్, పైన ఫైబర్ బాడీ.. ఇలా సొంతంగా కారు తయారు చేసిన వీడియోలు ఫోన్‌లో తరచూ కనిపిస్తూనే ఉంటాయి. చివర్లో గన్ పట్టుకుని రంగు కొట్టే సీన్ ఓ పది సెకన్లు ఉంటుంది. కారు తళతళ మెరిసిపోతుంది. అయితే ఆ పది సెకన్ల కోసం అంతకుముందు రోజుల తరబడి చేసిన పని వీడియోలో కనిపించదు. ఆ పనిలో ఒక్క మెట్టు వదిలేసినా, మొదటి ఎండాకాలానికే రంగు పొక్కులు లేచి పెచ్చులుగా ఊడిపోతుంది.

సంజామల, కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతాల్లో ఈ సమస్య ఇంకాస్త ఎక్కువ. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. దానికి తోడు రేగడి నేలల దుమ్ము. స్ప్రే బూత్ లేకుండా ఇంటి షెడ్డులోనో, పశువుల కొట్టంలోనో పని చేసుకునే వాళ్లు ఈ రెండింటినీ తట్టుకోవాలి. అసలు ఫైబర్ బాడీని రంగుకు ఎలా సిద్ధం చేయాలి? ఏ పొర తర్వాత ఏ పొర వేయాలి? ఆరోగ్యం దెబ్బతినకుండా ఏం చేయాలి? పూర్తి వివరాలు ఇక్కడ చూద్దాం.

ఫైబర్ గ్లాస్ అంటే ఏంటి?

పేరులో ఉన్నట్టే ఇది గాజు. వెంట్రుక కంటే సన్నని గాజు పోగులతో చేసిన మ్యాట్‌ను అచ్చు మీద పరిచి, దానికి రెసిన్ పట్టిస్తారు. రెసిన్‌లో క్యాటలిస్ట్ కలిపితే వేడెక్కి గట్టిపడుతుంది. పోగులు బలాన్నిస్తే, రెసిన్ వాటిని పట్టి ఉంచుతుంది. చదరపు మీటరుకు 450 గ్రాముల బరువుండే మ్యాట్ ఒక్కో పొర సుమారు 1 మిల్లీమీటరు మందం ఇస్తుంది. చిన్న కారు ప్యానెల్‌కు సాధారణంగా రెండు, మూడు పొరలు వేస్తారు.

అచ్చులో తీసిన ప్యానెల్‌కు బయటి వైపు నున్నగా కనిపించే పొరను జెల్ కోట్ అంటారు. దీని మందం దాదాపు అర మిల్లీమీటరు మాత్రమే. రంగు నిలబడేది దీని మీదే. గట్టిగా గీకితే ఈ పొర పోయి లోపలి పోగులు బయటపడతాయి. అందుకే ఫైబర్ మీద ఎమరీ పేపర్ వాడకం ఇనుప రేకు మీద వాడినంత తేలిక కాదు.

కారు బాడీకి ఫైబర్ కొత్తేమీ కాదు. అమెరికాలో 1953లో వచ్చిన షెవర్లే కార్వెట్ ఫైబర్ గ్లాస్ బాడీతో తయారైంది. మన దేశంలో 1980ల్లో బెంగళూరులో తయారైన సిపానీ డాల్ఫిన్ కారుకూ ఫైబర్ బాడీయే. పెద్ద పెద్ద ప్రెస్ మెషీన్లు లేకుండా, చేత్తో చేసిన అచ్చుతోనే బాడీ తీయొచ్చు. ఇంట్లో కారు తయారు చేసేవాళ్లు ఫైబర్ వైపు మొగ్గడానికి అసలు కారణం అదే.

సొంతంగా చేత్తో కార్లు చేయడం తెలుగు నేల మీద కొత్త కాదు. హైదరాబాద్ బహదూర్‌పురాలో, నెహ్రూ జూ పార్కుకు దగ్గర్లో ఉన్న సుధా కార్స్ మ్యూజియం అందుకు పెద్ద ఉదాహరణ. చిన్నప్పటి నుంచి వాహనాలు తయారు చేస్తూ వచ్చిన కె. సుధాకర్ దీన్ని 2010లో ప్రారంభించారు. బర్గర్, కెమెరా, హ్యాండ్‌బ్యాగ్, హైహీల్ చెప్పు ఆకారాల్లో ఉన్న కార్లు ఇక్కడ కనిపిస్తాయి. 41 అడుగుల 7 అంగుళాల ఎత్తైన ట్రైసైకిల్‌తో ఆయన 2005లో గిన్నిస్ రికార్డు కూడా సాధించారు. చూడ్డానికి వచ్చినవాళ్ల కంట ముందు పడేది ఇంజిన్ కాదు, ఆకారం, రంగు.

ముందుగా ఒక ప్రశ్న.. ఈ కారు రోడ్డెక్కుతుందా?

రంగు మీద డబ్బు పెట్టే ముందే దీనికి జవాబు తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని పబ్లిక్ రోడ్డు మీద నడపకూడదు. కొత్త మోడల్‌కు రిజిస్ట్రేషన్ కావాలంటే ముందు దాని నమూనాకు పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి గుర్తింపు పొందిన సంస్థ దగ్గర పరీక్షలు జరగాలి. బ్రేకులు, లైట్లు, పొగ, భద్రత.. అన్నీ చూస్తారు. ఇంట్లో తయారైన ఒక్క కారుకు ఆ దారిలో వెళ్లడం దాదాపు అసాధ్యం.

మరి పాత కారు తీసుకుని దాని బాడీ మార్చేస్తే? అక్కడా చిక్కే. చట్టంలోని 52వ సెక్షన్ వాహనాల మార్పుల గురించి చెబుతుంది. కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే బాడీకి రంగు మాత్రమే మారిస్తే, ఆర్‌సీలో కొత్త రంగు నమోదు చేయించుకోవాలి. లేదంటే తనిఖీల్లో, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో ఇబ్బంది వస్తుంది.

మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రేకు చెందిన దత్తాత్రేయ లోహార్ తుక్కు సామానుతో తయారు చేసిన చిన్న వాహనం 2021 డిసెంబరులో దేశమంతా వైరల్ అయింది. నిబంధనల ప్రకారం అది రోడ్డు మీద నడవదని గుర్తుచేస్తూనే ఆనంద్ మహీంద్రా దాన్ని మెచ్చుకున్నారు. ఆ వాహనానికి బదులుగా ఆయనకు కొత్త బొలెరో ఇచ్చారు. అందరికీ అలాంటి అదృష్టం దక్కదు. కాబట్టి కాలేజీ ప్రాజెక్టు, ఎగ్జిబిషన్, సొంత పొలంలో తిరగడం.. వీటిలో దేనికోసం చేస్తున్నారో ముందే తేల్చుకోవడం మంచిది.

మెట్టు 1: ప్యానెల్‌ను పూర్తిగా ఆరనివ్వాలి

రెసిన్ కొన్ని గంటల్లోనే గట్టిపడుతుంది. కానీ లోపల రసాయన చర్య రోజుల తరబడి సాగుతుంది. అలా సాగినంత కాలం ప్యానెల్ కొద్దికొద్దిగా కుంచించుకుపోతూ ఉంటుంది. ఆ దశలో రంగు వేస్తే, కొన్ని వారాలకు రంగు కింద నుంచి మ్యాట్ పోగుల గుర్తులు పైకి కనిపిస్తాయి.

కనీసం వారం రోజులు ఆగాలి. ఇంకా ఎక్కువ ఆగితే ఇంకా మంచిది. ముక్కు దగ్గర పెట్టుకుంటే రెసిన్ ఘాటు వాసన వస్తోందంటే అది ఇంకా పూర్తిగా ఆరనట్టే. ఈ రోజుల్లో ప్యానెల్‌ను గోడకు వాలుగా ఆనించి వదిలేయకూడదు, వంకర తిరుగుతుంది. కారు ఫ్రేమ్‌కు బిగించి ఉంచడమే సరైన పద్ధతి.

మెట్టు 2: ముందు బిగింపు.. తర్వాతే రంగు

డోర్లు, బానెట్, మడ్‌గార్డులు అన్నీ ఒకసారి కారుకు బిగించి చూడాలి. సందులు సమానంగా ఉన్నాయా? డోర్ వేస్తే ఎక్కడైనా రాసుకుంటోందా? లైట్లకు, అద్దాలకు, కీళ్లకు కావాల్సిన రంధ్రాలన్నీ ఇప్పుడే వేసుకోవాలి. డ్రిల్ ఎప్పుడూ జెల్ కోట్ వైపు నుంచే పెట్టాలి. వెనక నుంచి పెడితే బయటికి వచ్చే చోట జెల్ కోట్ పెళుసుగా ఎగిరిపోతుంది. రంగు వేశాక డ్రిల్ పెడితే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది.

మెట్టు 3: మైనం.. కనిపించని శత్రువు

ప్యానెల్ అచ్చు నుంచి సులువుగా ఊడి రావడానికి అచ్చుకు మైనం పూస్తారు. అందులో కొంత ప్యానెల్‌కు అంటుకునే వస్తుంది. కంటికి కనిపించదు. చాలామంది ఇక్కడే తొందరపడి నేరుగా ఎమరీ పేపర్ అందుకుంటారు. దాంతో మైనం పోవడం మాట అటుంచి, పేపర్ చేసిన గీతల్లోకి ఇంకా లోతుగా దిగుతుంది. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా పట్టదు.

సరైన పద్ధతి ఇది:

• ముందు సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి
• తర్వాత మైనం, గ్రీజు తీసే క్లీనర్‌ను శుభ్రమైన గుడ్డతో పూయాలి. అది ఆరేలోపే ఇంకో పొడి గుడ్డతో తుడిచేయాలి
• గుడ్డలు తరచూ మార్చాలి. ఒకే గుడ్డతో తుడిస్తే మైనాన్ని అటూ ఇటూ పూసినట్టే
• కిరోసిన్, డీజిల్ వాడకూడదు. వాటి జిడ్డు అలాగే మిగిలిపోతుంది

మైనం పోయిందో లేదో తెలుసుకోవడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. ప్యానెల్ మీద నీళ్లు చల్లండి. నీళ్లు పలచగా పరుచుకుని జారితే శుభ్రంగా ఉన్నట్టు. తామరాకు మీద లాగా బొట్లు బొట్లుగా నిలిస్తే మైనం ఇంకా ఉన్నట్టే. మళ్లీ తుడవాల్సిందే.

మెట్టు 4: ఎమరీ పేపర్.. ఏ నంబర్ ఎప్పుడు?

బేతంచర్ల, బనగానపల్లె వైపు నాపరాయి పాలిష్ చూసినవాళ్లకు ఈ లెక్క తెలిసిందే. ముతకతో మొదలుపెట్టి నునుపుకు వెళ్లాలి. మధ్యలో ఒక నంబర్ దాటేస్తే పాత గీతలు అలాగే ఉండిపోతాయి. ఫైబర్ దగ్గర ఇంకో జాగ్రత్త కూడా కావాలి. మరీ ముతక పేపర్‌తో జెల్ కోట్ అంతా గీకేయకూడదు.

• బాగున్న జెల్ కోట్ మీద: 180 నుంచి 240 నంబర్. మెరుపు పోయి మసకగా మారితే చాలు
• లప్పం పెట్టిన చోట: 80తో ఆకారం తెచ్చి, 120, 180తో నునుపు చేయాలి
• ప్రైమర్ మీద: 320, 400
• మెటాలిక్ రంగు వేయాలంటే: 600 వాటర్ పేపర్‌తో ముగించాలి

పేపర్‌ను వేళ్లతో పట్టుకుని రుద్దితే వేళ్ల ఒత్తిడికి గుంతలు పడతాయి. సాపుగా ఉన్న చోట చెక్క లేదా రబ్బరు బ్లాక్‌కు చుట్టి రుద్దాలి. అంచుల దగ్గర మాత్రం మెల్లగా చేత్తోనే. మెషీన్ పెడితే అంచు క్షణంలో అరిగి పోగులు బయటపడతాయి.

మెట్టు 5: సూది రంధ్రాలు, పగుళ్లు, లప్పం

రెసిన్‌లో చిక్కుకున్న గాలి బుడగలు రుద్దగానే సూది రంధ్రాలుగా బయటపడతాయి. ప్రైమర్ వాటిని కప్పేస్తుందని వదిలేస్తే పొరపాటు. రంగు వేశాక ఎండకు లోపలి గాలి వ్యాకోచించి అక్కడే పొక్కు లేస్తుంది. ఒక్కో రంధ్రాన్ని కాస్త వెడల్పు చేసి, లప్పాన్ని గట్టిగా ఒత్తి నింపాలి.

నక్షత్రంలా చీలిన సన్నని పగుళ్లు కనిపిస్తే పైన లప్పం రాసి ఊరుకోకూడదు. పగులు చివరి వరకు గ్రైండర్‌తో వి ఆకారంలో తీయాలి. లోపలి పోగులు కూడా తెగి ఉంటే వెనక నుంచి మ్యాట్, రెసిన్ వేసి బలం ఇవ్వాలి. ఆ తర్వాతే లప్పం.

లప్పం విషయంలో రెండు మాటలు గుర్తుంచుకోవాలి. ఒకటి, మందంగా ఒకేసారి పెట్టకూడదు. పలచగా రెండు, మూడు సార్లు పెట్టాలి. రెండు, పాలిస్టర్ లప్పాన్ని నీళ్లతో రుద్దకూడదు. అది నీటిని పీల్చుకుంటుంది. లోపల నిలిచిన తేమ తర్వాత పొక్కులుగా బయటికొస్తుంది. పొడిగానే రుద్దాలి.

మెట్టు 6: ప్రైమర్, రంగు, క్లియర్ కోట్

ముందు ఎపాక్సీ ప్రైమర్. ఇది ఫైబర్‌ను గట్టిగా పట్టుకుంటుంది, తేమను అడ్డుకుంటుంది. దాని మీద గీతలు నింపే పీయూ ప్రైమర్ రెండు, మూడు కోట్లు వేయాలి.

అది ఆరాక పైన వేరే రంగును పలచగా పొగలా చల్లి, బ్లాక్‌తో రుద్దుతారు. ఎత్తుగా ఉన్న చోట ఆ రంగు ముందే పోతుంది. గుంత ఉన్న చోట మిగిలిపోతుంది. కంటికి కనిపించని వంకరలన్నీ దీంతో బయటపడతాయి. ఈ దశలో పట్టిన లోపాన్ని ఒక గంటలో సరిచేయొచ్చు. క్లియర్ కోట్ వేశాక కనిపిస్తే మొత్తం మళ్లీ మొదలుపెట్టాలి.

వీలైతే ఎపాక్సీ ప్రైమర్ దశలోనే బాడీని కొన్ని వారాలు వదిలేయడం మేలు. కుంచించుకుపోవాల్సిందంతా అప్పుడే పోతుంది. తర్వాత మళ్లీ రుద్ది పీయూ ప్రైమర్ వేసి రంగుకు వెళ్తే పోగుల గుర్తులు కనిపించవు.

రంగు రెండు, మూడు పలచటి కోట్లు చాలు. కోటుకు, కోటుకు మధ్య డబ్బా మీద రాసినంత సేపు ఆగాలి. ఆఖర్లో క్లియర్ కోట్ రెండు సార్లు. హార్డ్‌నర్, థిన్నర్ కొలతలు కంపెనీ చెప్పినట్టే కలపాలి. కంటి అంచనా పనికిరాదు. ఒక కంపెనీ రంగులో ఇంకో కంపెనీ హార్డ్‌నర్ కలపకూడదు.

ఇంకో విషయం.. ఫైబర్‌లో కరెంట్ పారదు. అందుకే పొడి గుడ్డతో రుద్దితే స్టాటిక్ ఏర్పడి చుట్టూ ఉన్న దుమ్మునంతా లాక్కుంటుంది. గన్ పట్టే ముందు జిగురు గుడ్డతో మెల్లగా తుడవాలి. నేల మీద నీళ్లు చల్లితే దుమ్ము లేవదు.

నంద్యాల ఎండలో ఏ టైమ్? ఏ రంగు?

ఎండాకాలం మధ్యాహ్నం రెసిన్ పని, రంగు పని రెండూ పెట్టుకోవద్దు. రెసిన్‌లో క్యాటలిస్ట్ సాధారణంగా బరువులో 1 నుంచి 2 శాతం కలుపుతారు. అంటే కిలో రెసిన్‌కు 10 నుంచి 20 గ్రాములు. ఎండలో 2 శాతం కలిపితే బ్రష్ పెట్టేలోపే మగ్గులోనే గడ్డకడుతుంది. అలాగని 1 శాతం కంటే బాగా తగ్గిస్తే ఎప్పటికీ పూర్తిగా ఆరదు. కాబట్టి క్యాటలిస్ట్ తగ్గించడం కంటే, తెల్లవారుజామున పని పెట్టుకుని కొంచెం కొంచెం కలుపుకోవడమే మేలు.

వేడిలో రంగు కూడా గన్ నుంచి ప్యానెల్ చేరేలోపే సగం ఆరిపోతుంది. నునుపు రాకుండా గరుకుగా పడుతుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ దొరుకుతుంది, వేసవిలో అదే వాడాలి. గాలి తక్కువగా ఉండే ఉదయం పూట మంచిది. వానాకాలంలో తేమకు క్లియర్ కోట్ పాలిపోతుంది కాబట్టి ముసురు పట్టిన రోజు గన్ ముట్టకూడదు.

ఇక ఏ రంగు అన్నది అందం మాటే కాదు. మామూలు పాలిస్టర్ రెసిన్ 60, 70 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. మండుటెండలో నిలబెట్టిన నలుపు రంగు బాడీ ఆ వేడిని దాటొచ్చు. అప్పుడు ప్యానెల్ కొద్దిగా వంగుతుంది, పోగుల గుర్తులు పైకి తేలతాయి. తెలుపు, క్రీమ్, లేత పసుపు లాంటి రంగులు వేడిని తక్కువగా పీల్చుకుంటాయి. 1953లో తయారైన 300 కార్వెట్‌లూ తెలుపు రంగువే కావడం కాకతాళీయమే అయినా, రాయలసీమ ఎండకు మాత్రం ఆ రంగే సరైన ఎంపిక.

ఇవి మాత్రం అస్సలు చేయొద్దు

రంగు పాడైతే మళ్లీ వేసుకోవచ్చు. ఊపిరితిత్తులు, కళ్లు పోతే తిరిగి రావు.

• కోబాల్ట్, క్యాటలిస్ట్ నేరుగా కలపొద్దు. దుకాణంలో ఈ రెండూ చిన్న సీసాల్లో ఇస్తారు. రెండూ ఒకదానిలో ఒకటి పడితే మంట, పేలుడు ప్రమాదం ఉంది. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే క్యాటలిస్ట్ వేయాలి. రెండింటికీ ఒకే కొలత సీసా, ఒకే పుల్ల వాడొద్దు
• క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు తప్పనిసరి. పడితే వెంటనే ధారగా నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి
• ఫైబర్ రుద్దేటప్పుడు వచ్చే పొడిలో గాజు పోగులు ఉంటాయి. ఒళ్లంతా దురద, ఊపిరితిత్తులకు చేటు. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు. దుమ్మును ఆపే సరైన మాస్క్, ఫుల్ హ్యాండ్స్ చొక్కా కావాలి. పని అయ్యాక ముందు చన్నీళ్లతో కడుక్కోవాలి. ఆ బట్టలు ఇంట్లో వాళ్ల బట్టలతో కలిపి ఉతకొద్దు
• హార్డ్‌నర్ కలిపే పీయూ రంగుల్లో ఐసోసైనేట్లు ఉంటాయి. వాసన తెలియకపోయినా ఆస్తమా తెచ్చిపెడతాయి. మామూలు గుడ్డ మాస్క్, దుమ్ము మాస్క్ వీటిని ఆపలేవు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్క్ ఉత్తమం. అది లేనివాళ్లు రంగు పనిని సౌకర్యాలున్న పెయింటింగ్ షెడ్డుకు అప్పగించడమే మంచిది
• మిగిలిన రెసిన్‌ను మగ్గులో కుప్పగా వదిలేయొద్దు. దానంతటదే వేడెక్కి పొగలు కక్కుతుంది. ఆరుబయట పలచగా పరిచి గట్టిపడనివ్వాలి
• రెసిన్, థిన్నర్ ఉన్న చోట బీడీ, సిగరెట్, వెల్డింగ్ వద్దే వద్దు

తరచూ అడిగే ప్రశ్నలు

థర్మాకోల్‌తో ఆకారం చేసి దాని మీద ఫైబర్ వేయొచ్చా?
పాలిస్టర్ రెసిన్ తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది. పీయూ ఫోమ్ వాడాలి. లేదా ఎపాక్సీ రెసిన్ వాడాలి.

పాత రంగు తీయడానికి పెయింట్ రిమూవర్ వాడొచ్చా?
ఇనుముకు వాడే ఘాటైన రిమూవర్ రంగుతో పాటు రెసిన్‌నూ తినేస్తుంది. ఫైబర్ మీద రుద్ది తీయడమే భద్రం.

రంగు వేశాక ఓవెన్‌లో పెట్టొచ్చా?
ఇనుప బాడీకి పెట్టినంత వేడి ఫైబర్‌కు వద్దు. అచ్చు వంకర తిరుగుతుంది. గాలికి ఆరనివ్వడమే మేలు.

పాలిష్ ఎప్పుడు?
క్లియర్ కోట్ పూర్తిగా గట్టిపడ్డాక మాత్రమే బఫింగ్ చేయాలి. మైనం పాలిష్ అయితే కనీసం నెల రోజులు ఆగాక పెట్టడం మంచిది.

మొత్తం పని ఎక్కువ అనిపిస్తే ఒక చిన్న పరీక్షతో మొదలుపెట్టొచ్చు. బాడీ చేసేటప్పుడే మిగిలిన మ్యాట్, రెసిన్‌తో అడుగు పొడవు ముక్క ఒకటి తీసి పెట్టుకోవాలి. దాని మీద మైనం తుడవడం నుంచి క్లియర్ కోట్ దాకా అన్నీ చేసి, రెండు వారాలు ఎండలో ఉంచాలి. తర్వాత బ్లేడుతో గళ్లు గీసి, టేపు అంటించి లాగి చూడాలి. టేపుతో పాటు రంగు వస్తే కారణం వెతకాలి. రాకపోతే అప్పుడు కారు దగ్గరకు వెళ్లాలి.